ఐదో రోజు

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ హౌస్ సర్జన్లలో నిన్న రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ చేసినవాళ్లుంటే ముందుకొచ్చి కూర్చోండి. కునుకు పడితే నేనేమీ అనుకోను.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. దాన్ని పదే పదే పలికి పొగడటం నా వల్ల కాదు. ఎవరైనా పొగడ్త మొదలుపెడితే ఆయన వాచీ చూసుకునేవారు. 1980ల మొదట్లో ఆయన యూనిట్‌లో పీజీగా పనిచేశాను, నా గురువు ఆయనే. సర్జన్ కావాలనుకునే పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పమని నిర్వాహకులు అడిగారు. నాకు గట్టిగా తెలిసింది ఒకటే, దాన్నే అటూ ఇటూ తిప్పి చెబుతాను. సర్జన్ ఎలాంటివాడో ఆపరేషన్ చేసిన రోజున తెలియదు. ఐదో రోజున తెలుస్తుంది.

సభలో డాక్టర్లు కానివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి కాస్త విడమరచి చెప్పాలి. పేగులో కొంత భాగం తీసేసి, మిగిలిన రెండు కొసల్నీ కలిపి కుట్టామనుకోండి. దారంతో కుట్టినా స్టేప్లర్‌తో బిగించినా, మొదటి రోజుల్లో ఆ అతుకును పట్టి ఉంచేవి ఆ కుట్లే. ఒంట్లో కండకూ చర్మానికీ పేగుకూ గట్టిదనం ఇచ్చేది కొల్లాజెన్. కోసిన అంచుల్లో పాత కొల్లాజెన్ ముందు కరిగిపోతుంది, కొత్తది తర్వాత పుడుతుంది. ఆ మధ్యకాలంలో, అంటే సుమారు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా, అతుకు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. లీకయ్యేదుంటే ఎక్కువగా ఐదో రోజుకీ ఏడో రోజుకీ మధ్య బయటపడుతుంది.

అదేమీ డప్పు కొట్టుకుంటూ రాదు. పొద్దున రౌండ్స్‌కి వెళితే "రాత్రి బాగానే పడుకున్నాడు సార్" అంటుంది సిస్టరు. జ్వరం ఉండదు. పైన కుట్లు పొడిగా ఉంటాయి. నాడి మాత్రం 110 కొడుతూ ఉంటుంది. పొట్ట కొంచెం ఉబ్బినట్టుంటుంది, ఒకోసారి ఎక్కిళ్లు. మంచం పక్కన కింద కూర్చున్న రోగి భార్య "నిన్న సందేళ దాకా బాగానే మాట్టాడాడయ్యా, పొద్దుట్నించి ఎందుకో పలకట్లేదు" అంటుంది. ఆ వార్డులో అప్పటికి జబ్బు కనిపెట్టింది ఆవిడొక్కతే.

కుట్టిన సర్జన్‌కు సరిగ్గా ఆ సమయంలో సాకులు వరసగా తోస్తాయి. నొప్పికి నాడి పెరిగిందేమో. సెలైన్ తక్కువైందేమో. ఊపిరితిత్తుల్లో కఫం పట్టిందేమో. రేపు చూద్దాం. ఇవన్నీ నిజంగా జరిగేవే, అందుకే ప్రమాదం. తన చేత్తో వేసిన అతుకు విడిపోయిందని ఒప్పుకుని, బంధువుల్ని కూర్చోబెట్టి చెప్పి, రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్లడం మొదటి ఆపరేషన్ కన్నా చాలా కష్టం. ఆ పూట మా గురువుగారు మాకొక చిట్కా చెప్పేవారు. "ఈ పేగు పక్క యూనిట్ వాళ్లు కుట్టారనుకుని చూడండిరా" అనేవారు. పక్క యూనిట్ తప్పు పట్టడంలో మాకున్న ఉత్సాహం ఆయనకు బాగా తెలుసు.

నాడి మాట వచ్చింది కనుక మన గడ్డ మీదే జరిగిన ఒక పాత సంగతి చెప్పి ముందుకెళతాను. 19వ శతాబ్దం చివర్లో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ సర్జన్‌గా ఉండేవాడు, అక్కడి మెడికల్ స్కూల్‌కి కూడా ఆయనే పెద్ద. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరి ఆడుతోందా లేదా చూసుకుంటే చాలు, నాడితో పనిలేదన్నది ఆయన పట్టుదల. దాన్ని రుజువు చేయడానికి 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తే, లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని పంపింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే సరైనదని తేల్చారు. ఆ స్కూల్లో చదివిన రూపా బాయి ఫర్దూన్‌జీ, లోకంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా పేరు పొందిన ఆవిడ, ఆ రోజుల్లోనే అక్కడ క్లోరోఫాం ఇచ్చేవారు. తర్వాత 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చేసిన పరిశోధన వచ్చింది. మత్తు పలుచగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫాం వల్ల గుండె లయ తప్పి, ఉన్నపళంగా ఆగిపోగలదని తేలింది. లారీ అబద్ధాలకోరు కాడు, చేతగానివాడు అంతకన్నా కాడు. నా చేతుల మీద జరిగిన వేల కేసులు బాగున్నాయి కదా అన్న ధీమా ఆయనది. ఆ ధీమా ఇప్పటికీ మన థియేటర్లలో రోజూ కనిపిస్తుంది.

ఐదో రోజు గొడవ ముసలి ప్రొఫెసరు చాదస్తం అనుకునేవాళ్ల కోసం లెక్కలు కూడా తెచ్చాను. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో గఫేరీ, బర్క్‌మైయర్, డిమిక్ ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 84,730 మంది వివరాలు తీసుకుని, ఆస్పత్రుల్ని మరణాల లెక్కన ఐదు వరసలుగా పేర్చారు. అందరూ ఏమనుకుంటారు? మరణాలు ఎక్కువున్న చోట కాంప్లికేషన్లు కూడా బాగా ఎక్కువుంటాయని. తీరా చూస్తే తక్కువ మరణాలున్న ఆస్పత్రుల్లో కాంప్లికేషన్లు 24.6 శాతం, ఎక్కువ మరణాలున్న వాటిలో 26.9 శాతం. దాదాపు ఒక్కటే. కానీ పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో చనిపోయింది మొదటి చోట 12.5 శాతం, రెండో చోట 21.4 శాతం. తేడా అంతా ఇబ్బంది వచ్చిన తర్వాత ఎవరు ఎంత త్వరగా పసిగట్టారు, పసిగట్టి ఏం చేశారు అన్నదాంట్లోనే ఉంది.

అలాగని చేతిపనిని తేలిక చేసి మాట్లాడితే నాకు పాపం తగులుతుంది. అదే బర్క్‌మైయర్ బృందం 2013లో మరొకటి చేసింది. మిషిగన్‌లో స్థూలకాయానికి ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్ల దగ్గర తలా ఒక వీడియో తీసుకుని, ఎవరిదో చెప్పకుండా తోటి సర్జన్ల చేత మార్కులు వేయించారు. నేర్పులో చివరి పావు వంతు వాళ్ల రోగుల్లో కాంప్లికేషన్లు 14.5 శాతం, మొదటి పావు వంతు వాళ్ల రోగుల్లో 5.2. అంటే హస్తవాసి అని మన పెద్దలు అనేది ఉత్త నమ్మకం కాదు, కొలిస్తే దొరుకుతుంది. కాకపోతే అది పుట్టుకతో వచ్చే వరమన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. సుశ్రుతుడు శిష్యులకు కోత నేర్పింది గుమ్మడికాయల మీద, సొరకాయల మీద, దోసకాయల మీద. కుట్లు నేర్పింది గుడ్డ మీద, మెత్తని తోలు మీద. మేం నేర్చుకున్నది హాస్టల్ మంచం కోడుకు దారం కట్టి. మీరు లాప్రోస్కోపీ బాక్సులో ముడులు వేస్తున్నారు. "నాకు చేతులు వణుకుతాయి సార్, సర్జరీ తీసుకోవచ్చా" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మొదటిసారి కత్తి పట్టుకున్నప్పుడు వణకని చేయిని నేను చూడలేదు. చూస్తే ఆ పిల్లవాణ్ణి కాస్త ఓ కంట కనిపెట్టి ఉండమని మత్తు డాక్టరుకు చెప్పి ఉండేవాణ్ణి.

తల్లిదండ్రులు వచ్చారు కాబట్టి ఏళ్ల లెక్క కూడా దాచకుండా చెబుతాను. 2024లో నీట్ యూజీ రాసినవాళ్లు 23 లక్షల మందికి పైనే. సీటొచ్చాక ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. నీట్ పీజీకి చాలామంది ఇంకో ఏడాది పుస్తకాల ముందు కూర్చుంటారు. ఎమ్మెస్ మూడేళ్లు, అందులో మూడు నెలలు జిల్లా ఆస్పత్రి రెసిడెన్సీ. గుండెకో మెదడుకో మూత్రపిండాలకో వెళ్లాలంటే ఎంసీహెచ్ మరో మూడేళ్లు. అన్నీ అనుకున్నట్టు జరిగితే ముప్పై దాటాక సొంతంగా కత్తి పట్టుకునే రోజు వస్తుంది. ఈలోగా ఇంజనీరింగ్ చదివిన తమ్ముడు ఫ్లాటు కొని గృహప్రవేశానికి పిలుస్తాడు, డ్యూటీ ఉందని మీరు వెళ్లరు. ర్యాంకు బాగా వచ్చిన పిల్లలు రేడియాలజీకో, చర్మ వైద్యానికో, జనరల్ మెడిసిన్‌కో వెళుతున్నారని మా సర్జరీ డిపార్ట్‌మెంట్లలో బాధపడుతూ ఉంటాం. నేను బాధపడను. రాత్రి నిద్ర కావాలనుకోవడం నేరం కాదు.

నిద్ర గురించి ఇంకొక్క మాట. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ ఉత్తర్వుల్లో ఏకబిగిన 12 గంటలకు, వారానికి 48 గంటలకు డ్యూటీ మించకూడదని ఉంది. చాలా ప్రభుత్వాసుపత్రుల్లో సర్జరీ పీజీకి ఈ సంగతి చెబితే నవ్వుతాడు. అమెరికాలో 2003లో వారానికి 80 గంటల హద్దు పెడితే సర్జరీ పెద్దలు చాలామంది గొణిగారు, పిల్లలు కేసులు చూడకుండా తయారవుతారని. మా తరం కూడా ముప్పై ఆరు గంటలు నిలబడ్డామని మీసం మెలేస్తుంది. నాకు ఇందులో గొప్ప కనిపించదు. ముప్పై రెండో గంటలో ఉన్న కుర్రాడు నాడి 110 ఉందని రాసుకుంటాడు గానీ, నిన్న 84 ఉందని అతనికి గుర్తుకురాదు. డ్యూటీలు మారడం మొదలైతే, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి రోగిని అప్పజెప్పే మాటలు అంత జాగ్రత్తగానూ ఉండాలి. "ఏడో మంచం, పేగు కోసిన కేసు, ఇవాళ నాలుగో రోజు, రాత్రి రెండుసార్లు నాడి చూడు" అని పేరు పెట్టి చెప్పిపోవడం మా గురువుగారు మాకు సర్జరీ పాఠంగానే నేర్పారు.

ఇక ఆపరేషన్ మీద ప్రేమతో ఈ దారి పడుతున్నవాళ్లకు నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద పాఠం చెప్పాలి. మేం పీజీలుగా ఉన్నప్పుడు ఓపీ తలుపు తీస్తే అల్సర్ రోగులే. పొద్దున తిన్నది సాయంత్రానికి కక్కుకుంటూ, డొక్కలు ఎండి, ఉప్పూ కారం మానేసి మజ్జిగన్నం మీద బతుకుతూ వచ్చేవాళ్లు. వాళ్లకు పొట్ట తెరిచి, కడుపుకు పోయే వేగస్ నరాల్ని కోసి, కడుపును చిన్నపేగుకు కలిపేవాళ్లం. వేగాటమీ, గ్యాస్ట్రోజెజునాస్టమీ. దీన్ని నేర్చుకోవడమే సర్జరీ నేర్చుకోవడం అన్నంతగా ఉండేది. పరీక్షకు వచ్చే లాంగ్ కేసు అదే, నర్సింగ్ హోముల బతుకుతెరువూ అదే. వెనక నరం దొరికిందా లేదా అని మేం రాత్రుళ్లు వాదించుకునేవాళ్లం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1982లో, ఆస్ట్రేలియాలో పెర్త్ అనే ఊళ్లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపులో ఒక వంకర బాక్టీరియాని పట్టుకున్నారు. హెలికోబాక్టర్ పైలోరీ. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవుల్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అల్సర్ అంటే ఇప్పుడు రెండు వారాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మాత్రలు. నేటి పీజీ ఒక్క వేగాటమీ చూడకుండా ఎమ్మెస్ పూర్తిచేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రాణం పెట్టి నేర్చుకున్న విద్య మా కళ్లముందే కనుమరుగైంది. అంతలో గాల్‌బ్లాడర్‌ని చిన్న రంధ్రాల్లోంచి తీయడం మొదలైంది. జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో, ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే 1987లో చేశారు. అది మన ఊళ్లకు వచ్చేసరికి మా గురువుగారికి యాభై దాటాయి. తన శిష్యుల పక్కన స్టూలు మీద కూర్చుని, టీవీ తెర చూస్తూ అట్టపెట్టెలో బఠాణీ గింజలు ఏరడం నేర్చుకున్నారు. మొదటి నెల మాకన్నా వెనకబడ్డారు, ఆ మాట ఆయనే అందరికీ చెప్పేవారు. ఇప్పుడు రోబో వచ్చింది. రేపు ఇంకేదో వస్తుంది. నలభై ఏళ్ల ఉద్యోగంలో మీరు నేర్చిన ఆపరేషన్లలో సగం పోతాయి. అల్సర్ రోజుల్లో ఐదో రోజు రౌండు ఎలా ఉండేదో లాప్రోస్కోపీ రోజుల్లోనూ అలాగే ఉంది. రోబో కుట్టిన పేగు లీకైనా ముందు పెరిగేది నాడే.

కొయ్యకుండా ఉండటం కూడా ఈ వృత్తిలో భాగమే, దాని గురించి మన కాలేజీల్లో పాఠం తక్కువ. అపెండిక్స్ నొప్పిని మన జనం 24 గంటల కడుపునొప్పి అంటారు. ఆ 24 గంటలు దాటితే లోపల పగిలిపోతుందన్న భయం మీద ఎన్ని నర్సింగ్ హోములకు పై అంతస్తులు లేచాయో నేను చెప్పక్కర్లేదు. 2020లో అమెరికాలో కోడా అనే అధ్యయనం వచ్చింది, 1,552 మంది పెద్దవాళ్ల మీద. యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చినవాళ్లలో 90 రోజుల్లోగా ఆపరేషన్ కావలసివచ్చింది పదిమందిలో ముగ్గురికి. మిగిలిన ఏడుగురికి ఆ మూడు నెలల్లో కత్తితో పని పడలేదు. అందరికీ మందులే ఇవ్వమని నేననడం లేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని రెండు దారులూ రోగికి చెప్పే ఓపిక సర్జన్‌కి ఉండాలంటున్నాను.

ఆ ఓపికకు డబ్బు అడ్డొస్తుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, పేదవాడి బిడ్డకు గుండె ఆపరేషన్ అవుతుందని చూసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ సంతోషం ఇప్పటికీ ఉంది. కానీ ఏ పథకమైనా లెక్క కట్టేది ఆపరేషన్ పేరు మీద. పడుచు వయసు ఆడవాళ్లకు అక్కర లేకుండా గర్భసంచులు తీసేసిన ఉదంతాలు మన పత్రికలకెక్కాయి, చేసిన చేతులు మా వృత్తివే. కార్పొరేట్ ఆస్పత్రి బిల్లులో విజిట్ చార్జీ అని ఒక వరస ఉంటుంది. పది నిమిషాలు నిలబడ్డా మూడు గంటలు కూర్చున్నా అదే అంకె. కొత్తగా చేరిన సర్జన్‌ని నెలకెన్ని కేసులు చేశావని అడిగేవాళ్లున్నారు. ఎంతమందిని ఆపరేషన్ లేకుండా ఇంటికి పంపావని అడిగే మేనేజరు నాకింతవరకు తగల్లేదు.

చిన్న ఊళ్లో సర్జన్‌కి ఒక సౌకర్యం ఉంది. తన రోగి రైతుబజారులో ఎదురవుతాడు, చెప్పుకోవలసింది అక్కడే చెబుతాడు. మహారాష్ట్రలో దొండాయిచా అనే ఊళ్లో రవీంద్రనాథ్ టొంగావ్కర్ హెర్నియాకి, అదే మనవాళ్లు గిలక అంటారు, ఖరీదైన మెష్ బదులు దోమతెర గుడ్డను శుద్ధి చేసి వాడారు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన రోగులు ఆయన కళ్లముందే తిరుగుతుండేవారు కాబట్టి ఏం జరిగిందో ఆయనకు తెలుస్తూనే ఉంది, 2003లో లెక్కలతో సహా అచ్చువేశారు. 2016లో తూర్పు ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద దోమతెర మెష్‌నూ కంపెనీ మెష్‌నూ పోల్చిన పరీక్ష న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. జిల్లా రెసిడెన్సీని శిక్షలా భావించే పీజీలు ఈ కథ గుర్తుపెట్టుకుంటే మంచిది.

సర్జరీలోకి వచ్చే ఆడపిల్లల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే చెప్పవలసింది వాళ్లకు కాదు, మాకు. ఎంబీబీఎస్ తరగతిలో సగం మంది దాకా వాళ్లే, సర్జరీ యూనిట్ ఫొటోలో మాత్రం ఒకరో ఇద్దరో. మద్రాసులో టి.ఎస్. కనక 1968లోనే న్యూరోసర్జన్ అయ్యారు, ఆసియాలో తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరు. అర్ధశతాబ్దం దాటాక కూడా పీజీ ఇంటర్వ్యూలో పెళ్లెప్పుడని అడిగే పెద్దలు మనలో ఉన్నారు. స్టేప్లర్ పిడి పెద్ద చేతుల కొలతకు చేసినదన్న మాట నాకు నా విద్యార్థిని చెప్పేదాకా తట్టలేదు.

చివరికి, చేసిన ఆపరేషన్ తర్వాత ఏమైందో కనుక్కోవాలని పట్టుబట్టిన బోస్టన్ సర్జన్ ఒకాయన. ఎర్నెస్ట్ కాడ్‌మన్. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్. ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, ఏడాది తర్వాత అతనెలా ఉన్నాడో కనుక్కుని, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో అందులో రాయాలన్నాడు. సీనియారిటీని బట్టి కాక ఈ ఫలితాలను బట్టి పదోన్నతులు ఇవ్వాలన్నాడు. అక్కడే చెడింది. 1914లో ఆ ఆస్పత్రి వదిలేశాడు. 1915లో ఒక సభలో ఇసుకలో తలదూర్చిన ఆస్ట్రిచ్ పక్షి బొమ్మతో తోటి వైద్యుల్ని ఎగతాళి చేసి ఉన్న స్నేహితుల్నీ పోగొట్టుకున్నాడు. తన సొంత చిన్న ఆస్పత్రిలో 1911 నుంచి 1916 దాకా డిశ్చార్జి అయిన 337 మంది వివరాలు అచ్చువేశాడు. అందులో 123 పొరపాట్లు తనే గుర్తించి రాశాడు. 1940లో పోయాడు. సమాధికి రాయి కూడా ఉండేది కాదు, 2014లో సర్జన్ల సంఘాలు చందాలేసుకుని పెట్టాయి. ఇప్పుడు మనం నెలనెలా పెట్టుకునే మరణాల సమీక్ష సమావేశానికి పెద్ద తాత ఆయనే.

మా గురువుగారి పేరిట ఉన్న ఈ నిధి నుంచి ఏటా ఎమ్మెస్ పరీక్షలో మొదటి మార్కు వచ్చినవారికి బంగారు పతకం ఇస్తున్నారు. గురువుగారి కుటుంబం తరఫున ముందు వరుసలో కూర్చున్న అమ్మగారితో పొద్దున మాట్లాడాను, ఆవిడ ఒప్పుకున్నారు. పతకం ఆపేసి, ఆ వడ్డీతో సర్జరీ వార్డుకు ఒక ఫోను, ఒక రిజిస్టరు, వారానికి రెండు పూటలు కూర్చునే ఒక మనిషి జీతం ఏర్పాటు చేయమని కమిటీకి విన్నపం. డిశ్చార్జి అయిన ప్రతి రోగికీ నెల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో రాయాలి. ఫోన్ ఎత్తనివాళ్ల ఊరికి ఉత్తరం రాయాలి. రిజిస్టరు చీఫ్ గదిలో తాళం వేసి పెట్టకూడదు, హౌస్ సర్జన్లు కూర్చునే డ్యూటీ రూములో ఉండాలి. దాన్ని ఎవరు పూర్తిచేయాలి, సెలవుల్లో ఎవరు చూడాలి అన్న సంగతులు సూపరింటెండెంటు గారూ నర్సింగ్ సూపరింటెండెంటు గారూ కలిసి తేల్చాలి. తొలి ఏడాది లెక్కలు వచ్చే సంవత్సరం ఇదే వేదిక మీద, ఏ యూనిట్‌వో పేర్లతో సహా, చదవాలి. నేను సర్వీసులో ఉండగా పనిచేసిన యూనిట్ నుంచి మొదలుపెట్టండి.